కర్ణాటకలో 10 కోట్ల గ్రాస్, కొన్నది 5 కోట్లకు: బయ్యర్ సేఫా, మునిగాడా?

కేఆర్‌పురం_కార్నర్_సీట్:

ఈ మధ్య ఏ తెలుగు సినిమా వచ్చినా రెండో వారానికల్లా "కర్ణాటకలో 10 కోట్ల గ్రాస్" అని పోస్టర్ పడుతోంది. అదే సినిమా కర్ణాటక హక్కులు 5 కోట్లకు అమ్మారని ఇంకో పేజీలో రాస్తారు. పదిలో ఐదు పోతే ఐదు మిగిలింది కదా అని ఒకరంటారు, బయ్యర్ (హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్) మునిగిపోయాడని ఇంకొకరంటారు. ఏ సినిమా పేరూ తేవద్దు, తెస్తే ఫ్యాన్స్ దిగి థ్రెడ్ తగలబెడతారు. ఊహాత్మక అంకెలతోనే లెక్క చెప్పండి.

నా సందేహాలు ఇవీ. గ్రాస్ నుంచి షేర్‌కి, అంటే పన్నూ థియేటర్ల వాటా పోను డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే డబ్బుకి ఎలా వస్తారు? బుకింగ్ యాప్‌లో ఎర్రగా, నారింజ రంగులో కనిపించే షోలని ఎంతవరకు నమ్మాలి? బెంగళూరులో మన తెలుగువాళ్లు ఎక్కువుండే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు శుక్రవారం హౌస్‌ఫుల్ పడిన సినిమా సోమవారం ఖాళీగా ఉంటే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? టికెట్ ధర 200 దాటకూడదన్న కర్ణాటక ప్రభుత్వ రూల్ అమల్లోకి వస్తే మన సినిమాలకి ఏమవుతుంది?

డీసీఆర్_కాగితం:

ముందు పోస్టర్ సంగతి. అక్కడ వేసేది ప్రేక్షకుడు కట్టిన టికెట్ డబ్బు మొత్తం, జీఎస్టీతో సహా. యాప్ వాళ్లు వేసుకునే కన్వీనియన్స్ ఫీజు మాత్రం గ్రాస్‌లోకి రాదు. మీరు 280 కట్టినా టికెట్ ధర 236 అయితే గ్రాస్‌లో పడేది 236.

100 రూపాయలు దాటిన టికెట్‌కి జీఎస్టీ 18 శాతం. 100 లోపు టికెట్‌కి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. బెంగళూరు మల్టీప్లెక్సులో తెలుగు సినిమాకి 100 లోపు టికెట్ దాదాపు దొరకదు కాబట్టి అంతా 18 అనుకోండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పది కోట్లలో 18 శాతం తీసేసి 8.20 అంటారు. అలా కాదు, 1.18తో భాగించాలి. పన్ను పోను మిగిలే నెట్ 8.47 కోట్లు.

ఈ 8.47లో మల్టీప్లెక్సుల్లో వసూలైంది 6 కోట్లు, సింగిల్ స్క్రీన్లలో 2.47 కోట్లు అనుకుందాం. మల్టీప్లెక్సులో వారం గడిచేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ శాతం తగ్గుతుంది. 2009లో హిందీ నిర్మాతలకీ మల్టీప్లెక్సులకీ రెండు నెలలు గొడవ జరిగాక కుదిరిన మెట్లు వారం వారం 50, 42.5, 37.5, ఆ తర్వాత 30 శాతం. మన సినిమాలకి ఒప్పందాన్ని బట్టి మారుతుంది, పెద్ద హీరో అయితే మొదటి వారం ఇంకాస్త ఎక్కువ అడుగుతారు. లెక్కకి ఇవే పెట్టుకుందాం. మొదటి వారం నెట్ 4.80 కోట్లు, అందులో సగం 2.40. రెండో వారం 1.20 కోట్లు, 42.5 శాతం అంటే 51 లక్షలు. మొత్తం 2.91.

సింగిల్ స్క్రీన్లలో శాతం బదులు ఎక్కువగా రెంట్లు (వారానికి ఇంత అని హాలుకి కట్టే అద్దె) నడుస్తాయి. 2.47 కోట్ల నెట్‌కి రెంట్లు 1.20 కోట్లు పోయాయనుకోండి, మిగిలేది 1.27. రెండూ కలిపితే షేర్ 4.18 కోట్లు. ఇందులోంచి డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు, పోస్టర్లు, హోర్డింగులు, ఆఫీసు ఖర్చు కలిపి 35 లక్షలు తీసేస్తే 3.83 కోట్లు చేతికొస్తాయి. కొన్నది 5 కోట్లకు. అంటే 1.17 కోట్లు లోటు. ఈ నిష్పత్తిలో అతను గట్టెక్కాలంటే గ్రాస్ 13 కోట్లు దాటాలి.

అయితే "కొన్నాడు" అన్న మాటకి నాలుగు అర్థాలున్నాయి. నాన్ రిఫండబుల్ (నిర్మాత తిరిగివ్వక్కర్లేని) అడ్వాన్స్ మీద తీసుకుంటే పైన చెప్పిన లోటు మొత్తం అతని నెత్తినే. మామూలు అడ్వాన్స్ అయితే రాని డబ్బు నిర్మాత వెనక్కివ్వాలి (ఎప్పుడిస్తాడు అన్నది వేరే కథ, చాలాసార్లు తర్వాతి సినిమాలో సర్దుతానంటాడు). మినిమమ్ గ్యారంటీ అయితే గ్యారంటీ, ఖర్చులు, కమీషన్ పోను పైన వచ్చిన ఓవర్‌ఫ్లోని ఇద్దరూ పంచుకుంటారు. ఒట్టి కమీషన్ మీద విడుదల చేస్తే డిస్ట్రిబ్యూటర్‌కి నష్టమనేదే లేదు, సినిమా పోయినా నిర్మాతే పోతాడు. ఏ పద్ధతిలో ఇచ్చారో తెలియకుండా "సేఫ్", "ఫసక్" అనడం దండగ.

ఇంకో కిటుకు. డిస్ట్రిబ్యూటర్ థియేటర్‌కి బిల్లు వేసేటప్పుడు షేర్ మీద 18 శాతం జీఎస్టీ కలుపుతాడు. అది ప్రభుత్వానికి వెళ్లే లెక్క, లాభం కాదు. కానీ పోస్టర్‌లో "జీఎస్టీతో కలిపి షేర్" అని వేస్తే మన 4.18 కాస్తా 4.93 అవుతుంది. ఐదు కోట్లకు కొన్నవాడు ఇక గట్టెక్కినట్టే కనిపిస్తాడు! ఏ షేర్ అంకె చూసినా ముందు అది చూడండి.

మడివాళ_మ్యాట్నీ:

పైన అన్నది బాగుంది, కానీ సింగిల్ స్క్రీన్ల ముక్క త్వరగా దాటేశారు. బయ్యర్ బతికేదీ చచ్చేదీ అక్కడే.

700 సీట్ల హాలు తీసుకోండి. పన్ను కాకుండా కింద 500 సీట్లు 150 చొప్పున, బాల్కనీ 200 సీట్లు 200 చొప్పున. ఒక షో నిండితే 75,000 ప్లస్ 40,000, అంటే 1.15 లక్షలు. రోజుకి నాలుగు షోలు, వారానికి 28. పూర్తిగా నిండితే 32.20 లక్షలు. వారం రెంట్ 5 లక్షలు అనుకోండి.

మొదటి వారం 45 శాతం నిండితే నెట్ 14.49 లక్షలు. రెంట్ పోను 9.49 లక్షలు డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే 65 శాతం. ఏ మల్టీప్లెక్సూ ఇంత ఇవ్వదు. రెండో వారం అదే హాలు 13 శాతానికి పడిపోతే నెట్ 4.19 లక్షలు, రెంట్ 5 లక్షలు. థియేటర్‌కి జేబులోంచి 81 వేలు ఎదురు కట్టాలి. దీన్నే నెగటివ్ షేర్ అంటారు. పోస్టర్‌లో మాత్రం ఆ 4.19 లక్షలు కూడా గ్రాస్‌లో కలిసి మెరుస్తూనే ఉంటాయి.

ఈ హాలుకి రెండు గీతలు గుర్తుపెట్టుకోండి. 15.5 శాతం కంటే తక్కువ నిండితే నష్టం. 31 శాతం దాటితే సగం-సగం ఒప్పందం కంటే రెంటే లాభం. ఆ రెండిటి మధ్యా నష్టం లేదు గానీ శాతం మీద ఆడించి ఉంటే ఎక్కువ మిగిలేది. పండగ సీజన్‌లో హాలు దొరకడమే గొప్ప అని రెండు వారాల రెంట్‌కి సంతకం పెట్టేస్తారు, బోల్తా పడేది అక్కడే. తెలిసినవాళ్లు రెండో శుక్రవారం నుంచి శాతం మీదకి మార్చే షరతు ముందే రాయించుకుంటారు. కుదరకపోతే మ్యాట్నీ, సెకండ్ షో మాత్రమే ఉంచుకుని మిగతా రెండు షోలు వేరే సినిమాకి వదిలి రెంట్ పంచుకుంటారు. అదీ కుదరకపోతే చిన్న హాలుకి షిఫ్ట్ చేస్తారు.

మొదటి రోజు షేర్ చూసి ఎగిరేవాళ్లకి ఒక మాట. అందులో హైర్లు కలిపారా అని అడగండి. హైర్ అంటే థియేటర్ ఓనరే ఇంత మొత్తం అని ముందే కట్టి సినిమా ఆడించుకోవడం. ఆ మొత్తమంతా మొదటి రోజు ఖాతాలో వేస్తారు. అందుకే రెండో రోజు అంకె సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి జనం అంతగా తగ్గి ఉండకపోవచ్చు.

బెంగళూరులో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఒకే తెర కోసం కన్నడ, తెలుగు, తమిళ, హిందీ, మలయాళ, ఇంగ్లీష్ సినిమాలు ఆరూ కొట్టుకుంటాయి. గాంధీనగర్ కపాలి 2017లో, బ్రిగేడ్ రోడ్ రెక్స్ 2018 చివర్లో, సాంకీ రోడ్ కావేరి 2024లో పోయాయి. హాళ్లు తగ్గేకొద్దీ రెండో వారం తెర నిలబెట్టుకోవడం కష్టమవుతోంది. విజయవాడలో యావరేజ్ సినిమా కూడా పోటీ లేకపోతే మూడో వారం ఆడుతుంది. ఇక్కడ పక్క భాషలో పెద్ద సినిమా దిగితే చాలు, బాగున్న సినిమాకి కూడా షోలు కోసేస్తారు.

రో_జి_సీట్_12:

యాప్ ట్రాకింగ్ గురించి నేను చెప్తాను. సీట్ మ్యాప్ చూసి లెక్క వేయడంలో తప్పులు ఎక్కడ వస్తాయో తెలిస్తే అది పనికొచ్చే పనిముట్టే.

ముందుగా, మీరు చూసే ఎర్ర రంగు ఒక షో సంగతి మాత్రమే చెప్తుంది. 250 షోలు 60 శాతం నిండినా, 500 షోలు 30 శాతం నిండినా టికెట్లు ఒకటే. కాబట్టి షోల సంఖ్య, హాలు సామర్థ్యం, నిండిన శాతం మూడూ కలిపి రాసుకోవాలి. రిక్లైనర్ వరుస ధర వేరు, మామూలు వరుస ధర వేరు, సగటు వేసేటప్పుడు విడివిడిగా లెక్కించండి.

రెండోది, సమయం. షో మొదలవడానికి గంట ముందు చూస్తే తక్కువ కనిపిస్తుంది. కౌంటర్‌లో కొనేవాళ్లు, ఆఖరి నిమిషం వాళ్లు ఇంకా ఉంటారు. షో మొదలయ్యే ముందు ఐదు పది నిమిషాల్లో బుకింగ్ మూసేలోపు ఆఖరిసారి చూసి రాసుకోవడం మేలు. ఎవరో డబ్బు కట్టే పేజీలో ఉన్నప్పుడు కూడా కొన్ని నిమిషాలు ఆ సీట్లు అమ్ముడైనట్టే కనిపిస్తాయి, కట్టకపోతే మళ్లీ తెరుచుకుంటాయి. రెండుసార్లు చూస్తే ఇది తేలిపోతుంది.

మూడోది, బ్లాక్ చేసిన సీట్లు. సింగిల్ స్క్రీన్ వాళ్లు కొన్ని వరుసలు యాప్‌కి ఇవ్వకుండా కౌంటర్ కోసం ఉంచుకుంటారు. మ్యాప్‌లో అవి అమ్ముడైన సీట్లలాగే కనిపిస్తాయి. ఎలా పట్టుకోవాలంటే, అదే హాలు బుధవారం మ్యాట్నీ తెరవగానే చూడండి. ఒక్క టికెట్ కూడా తెగకముందే మూసి ఉన్న వరుసలు ఏవో తెలుస్తాయి. వాటిని తీసేసి మిగతా సీట్ల మీదే శాతం వేయండి. మొదటి రోజు ఉదయం షోలు ఫ్యాన్స్ సంఘాలు గుత్తగా తీసుకుంటాయి కాబట్టి వాటిని ట్రెండ్ లెక్కలోంచి పక్కన పెట్టేయాలి.

నాలుగోది, "గత 24 గంటల్లో ఇన్ని వేల టికెట్లు" అని యాప్‌లో వచ్చే అంకె. అది ఆ ఒక్క యాప్‌ది. డిస్ట్రిక్ట్ అనే ఇంకో యాప్‌లో తెగినవి, మల్టీప్లెక్స్ సొంత యాప్‌లో తెగినవి, కౌంటర్‌వి అందులో ఉండవు. అది దేశమంతటి అంకె కూడా, దాన్ని చూసి బెంగళూరు ఊపు ఇదీ అనడం కుదరదు. దాంతో ఒకే ఒక పని చేయొచ్చు: ఇవాళ్టి అంకెను నిన్నటి అంకెతో పోల్చడం.

శాంపిల్ కావాలంటే నగరం నాలుగు వైపుల నుంచీ ఒక్కో మల్టీప్లెక్స్ తీసుకోండి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, మాన్యతా వైపు మాత్రమే చూస్తే తెలుగు సినిమా ఎప్పుడూ సూపర్ హిట్టే. రాజాజీనగర్, మల్లేశ్వరం కూడా కలిపితేగానీ అసలు రంగు తెలియదు.

కేఆర్‌పురం_కార్నర్_సీట్:

బ్లాక్ సీట్ల సంగతి ఇన్నాళ్లూ తెలియనే తెలియదు, థాంక్స్ అన్నా. సోమవారం గురించి ఎవరూ చెప్పలేదు.

డీసీఆర్_కాగితం:

శుక్రవారం నెట్‌లో సోమవారం సగం వస్తే సినిమా నిలబడింది. మూడో వంతుకి పడితే వారాంతంతోనే పని అయిపోయింది, టాక్ బయటికి వెళ్లిపోయింది. మధ్యలో ఉంటే రెండో శనివారం దాకా ఆగాలి. ఇది మోటు కొలత, గురువారం విడుదలైతే మారిపోతుంది. ప్రీమియర్ షోల డబ్బు శుక్రవారంలో కలిపేసినా మారిపోతుంది, అప్పుడు సోమవారం ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తుంది.

మంగళవారం కూడా జాగ్రత్త. 2025 ఏప్రిల్ నుంచి పీవీఆర్ ఐనాక్స్ వాళ్లు మంగళవారాల్లో 99, 149 రూపాయల టికెట్లు మొదలుపెట్టారు. ఆ ఆఫర్ ఉన్న హాల్లో సోమవారం కంటే సీట్లు ఎక్కువ నిండి ఉంటాయి, డబ్బు మాత్రం అంత రాదు. సీట్ మ్యాప్ చూసి "మంగళవారం పికప్ అయింది" అని సంబరపడకండి.

సంక్రాంతికి ఈ కొలతలన్నీ పక్కన పెట్టేయండి. ఆ మూడు రోజులూ మన జనం మడివాళలో, మెజెస్టిక్‌లో బస్సులెక్కి ఊళ్లకి పోతారు. సినిమా అక్కడ చూస్తారు. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఇక్కడి అంకె చూసి డీలా పడక్కర్లేదు. తిరిగొచ్చాక వచ్చే శని, ఆదివారాలే ఇక్కడ అసలు సంక్రాంతి. అదే నవంబర్ 1 రాజ్యోత్సవం కర్ణాటకలో సెలవు, హైదరాబాద్‌లో కాదు. ఆ రోజు ఇక్కడ పెరిగింది కదా అని సినిమా పుంజుకుందనుకుంటే పొరపాటే.

బళ్లారి_బస్సు:

అందరూ బెంగళూరునే కర్ణాటక అనుకుంటున్నారు. బళ్లారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో, దత్త మండలాల లెక్కలో ఉన్న జిల్లా. రాయచూరు, కలబురగి, బీదర్ 1956 దాకా నిజాం సంస్థానం వారసత్వమే. సినిమా పంపిణీ పటాలు రాష్ట్రాల పటాల కంటే పాతవి, ఈ జిల్లాల హక్కులు సీడెడ్ (రాయలసీమ)తోనో నైజాం (తెలంగాణ)తోనో కలిపి అమ్మే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే. ఒప్పందంలో ఈ జిల్లాలు ఎవరికి రాశారో చూడకుండా 5 కోట్ల కొనుగోలుని మొత్తం కర్ణాటక గ్రాస్‌తో పోలిస్తే లెక్క మొదట్లోనే తప్పు.

చింతామణి, బాగేపల్లి, కోలారు వైపు సింగిల్ స్క్రీన్లలో టికెట్ 100 లోపు ఉంటే పన్ను 5 శాతమే. అక్కడి గ్రాస్‌ని 1.05తో భాగించాలి. అంకె చిన్నదే గానీ బయ్యర్‌కి మిగిలే వాటా ఎక్కువ.

బాల్కనీ_బ్యాచ్:

200 రూపాయల రూల్ సంగతి. 2025 సెప్టెంబర్ 12న నోటిఫికేషన్ వచ్చింది. ఏ భాష సినిమాకైనా పన్ను కాకుండా గరిష్ఠం 200, అంటే పన్నుతో 236. 75 సీట్లు లేదా అంతకంటే తక్కువున్న ప్రీమియం హాళ్లకి మినహాయింపు. అదే నెల 23న హైకోర్టు మధ్యంతర స్టే ఇచ్చింది. రూల్ నెగ్గితే డబ్బు వెనక్కివ్వడానికి వీలుగా ప్రతి టికెట్ లెక్కా ఉంచాలని డివిజన్ బెంచ్ ఆ నెలాఖరున చెప్పింది, నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ షరతుల్ని ఆపింది. 2017లో కూడా ఇలాంటి 200 ఉత్తర్వే వచ్చి కోర్టుకెక్కింది.

అమలైతే? పైన 10 కోట్ల గ్రాస్ ఉదాహరణలో సగటు టికెట్ 320 అనుకోండి, తెగినవి 3.12 లక్షల టికెట్లు. సగటు 210కి దిగితే అదే పది కోట్లకి 4.76 లక్షల టికెట్లు తెగాలి. ఒకటిన్నర రెట్లు. మొదటి మూడు రోజుల్లో హాళ్లు ఎలాగూ నిండే ఉంటాయి, అక్కడ కొత్తగా జనాన్ని ఎక్కించే చోటు లేదు. కాబట్టి ఓపెనింగ్ ఖాయంగా తగ్గుతుంది. పెరగాల్సిందంతా సోమవారం తర్వాతే పెరగాలి. తెల్లవారుజాము షోలు వేసి పూడ్చుకుందామన్నా కుదరదు, 2024 డిసెంబర్‌లో ఒక పెద్ద తెలుగు సినిమాకి వేసిన ఆ షోల్ని బెంగళూరు జిల్లా యంత్రాంగం ఆపించింది.

నా అభిప్రాయం ఏంటంటే, దెబ్బ తగిలేది హక్కుల ధరకి, సినిమాకి కాదు. తెలంగాణలో 2021 డిసెంబర్ జీవోతో మల్టీప్లెక్సులో మామూలు సీటుకి పన్ను కాకుండా 250, అంటే పన్నుతో 295 గరిష్ఠం పెట్టారు, పెంచాలంటే సినిమా సినిమాకీ ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు కాబట్టే బయ్యర్లు కర్ణాటకకి అంత రేటు పెడుతున్నారు. పరిమితి వస్తే 5 కోట్ల సినిమాని మూడున్నరకి అడుగుతారు.

మడివాళ_మ్యాట్నీ:

ఒప్పుకోను. రేటు తగ్గితే సోమవారం నుంచి జనం పెరుగుతారన్నది ఎందుకు వదిలేస్తారు? దేశం మొత్తం మీద ఆర్మాక్స్ (సినిమా వసూళ్లు లెక్కగట్టే సంస్థ) లెక్కలు చూడండి. 2023లో 12,226 కోట్ల గ్రాస్, 94.3 కోట్ల టికెట్లు. 2024లో 11,833 కోట్లు, 88.3 కోట్ల టికెట్లు. ఒక్క ఏడాదిలో 6 కోట్ల టికెట్లు పోయాయి, సగటు ధర మాత్రం 130 నుంచి 134కి పెరిగింది. పీవీఆర్ ఐనాక్స్ 2023-24 సగటు ఆక్యుపెన్సీ 25.6 శాతం. నాలుగు సీట్లలో మూడు ఖాళీ. ఖాళీ సీటు 400కి అమ్మినా 200కి అమ్మినా సున్నానే.

బాల్కనీ_బ్యాచ్:

ఆ ఖాళీలు మంగళవారం మ్యాట్నీవి. ఐటీ పార్కుల్లో పనిచేసే మనవాళ్లు టికెట్ 200 అయిందని ఆఫీసు ఎగ్గొట్టి మ్యాట్నీకి రారు. వర్కింగ్ డేస్‌లో ఇక్కడ తెలుగు సినిమాకి ఉన్నది రాత్రి షోలు మాత్రమే, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ఏడు గంటల షో అందుకోవడం కూడా గగనమే. ధర తగ్గిస్తే కుటుంబాలు వారాంతంలో పెరుగుతాయి, అంతవరకు ఒప్పుకుంటా.

కేఆర్‌పురం_కార్నర్_సీట్:

ఆఖరి ప్రశ్న. పాన్ ఇండియా సినిమాకి బెంగళూరులో హిందీ, కన్నడ వెర్షన్లు కూడా ఆడతాయి కదా. ఆ డబ్బు మన 5 కోట్ల బయ్యర్‌కేనా?

డీసీఆర్_కాగితం:

ఒప్పందంలో ఏ భాషలు రాశారో దాన్ని బట్టి. అన్ని భాషలకీ కలిపి తీసుకుంటే అతనికే. హిందీ వెర్షన్ ఉత్తరాది డిస్ట్రిబ్యూటర్‌కి విడిగా ఇచ్చి ఉంటే ఇక్కడి హిందీ షోల షేర్ అటు పోతుంది, "కర్ణాటక గ్రాస్" పోస్టర్‌లో మాత్రం అన్నీ కలిపే వేస్తారు. అలాంటప్పుడు ముందు హిందీ వెర్షన్ గ్రాస్ విడదీసి, మిగిలినదాన్నే 1.18తో భాగించడం మొదలుపెట్టండి. ఒక గుర్తు ఉంది. థియేటర్ విడుదలకీ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల గడువు ఇవ్వని సినిమా హిందీ వెర్షన్‌ని పెద్ద జాతీయ చైన్లు వేయవు. నాలుగు వారాల ఓటీటీ ఒప్పందం ఉన్న తెలుగు సినిమాకి ఆ చైన్ల హాళ్లలో హిందీ షోలే ఉండవు, కాబట్టి అక్కడి డబ్బులో హిందీ వెర్షన్‌ది ఏమీ ఉండదు. అక్కడ విడదీసే పని తప్పుతుంది.